అచ్చాణి రవి, మా అమ్మ చేతులు

మా అమ్మ చూసిన మలయాళం సినిమా ఒక్కటే. ఎలిప్పత్తాయం.

ఎనభైల చివర్లో ఒక ఆదివారం. కాశీబుగ్గలో మా ఎదురింటివాళ్లకు టీవీ ఉండేది. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో అవార్డులొచ్చిన ప్రాంతీయ భాషా సినిమాలు వేసేవారు. ఆ సినిమా మొదలైందంటే పిల్లలం లేచి ఆటలకు పోయేవాళ్లం, పెద్దవాళ్లు పనుల్లో పడేవారు. ఆ రోజు మాత్రం అమ్మ లేవలేదు. తెర మీద ఒకావిడ ముఖం కనబడగానే "ఒలే, శారద కదేటి!" అంది. నిజమే, మన తెనాలి శారదే. భాష అర్థం కాలేదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు అమ్మ చదవలేదు. అయినా గుమ్మానికి ఆనుకుని చివరిదాకా చూసింది.

అందులో ఒక పాత పెద్దిల్లు. ఇంటి మగవాడు ఉన్ని ఏ పనీ చెయ్యడు. రాత్రి ఎలుక వస్తే మంచం మీంచి దిగడానికి భయపడి అక్కచెల్లెళ్లను కేకేస్తాడు. ఆ ఇంటి చాకిరీ అంతా శారద వేసిన రాజమ్మ మీద పడుతుంది. ఆమె పెళ్లి ఊసు ఎవరికీ పట్టదు. చివరికి ఆమె జబ్బుపడితే నలుగురు మోసుకుపోతారు. అప్పుడు అమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆ మగోడు ఒక్కసారి లేసుంటే ఈ పిల్ల బతికున్ను."

అప్పటికే అమ్మ చాలా ఏళ్లుగా జీడి ఫ్యాక్టరీలో పని చేస్తోంది. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లలో జీడి పని తెలియని ఇల్లు ఉండదు. కాల్చిన పిక్కను లోపలి పప్పు విరగకుండా కొట్టి తియ్యాలి. పెంకులో ఉండే జీడి చేతికి అంటితే చర్మం కాలి పొట్టు లేస్తుంది. చేతులకు బూడిద రాసుకుని కూర్చుంటారు. ఎంత రాసుకున్నా వేళ్లు నల్లబడటం ఆగదు. పెళ్లికో పేరంటానికో వెళ్తే అమ్మ కుడిచేతిని కొంగు కింద దాచుకునేది. తర్వాత కొన్నాళ్లకు గ్రేడింగ్‌కి మారింది. పౌనుకు 300 నుంచి 320 గింజలు తూగితే అది డబ్ల్యూ-320 రకం. అమ్మ తూకం వెయ్యకుండానే చూసి చెప్పేసేది.

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో పడి, సినిమాల గురించి చదవడం అలవాటయ్యాక, ఎలిప్పత్తాయం నిర్మాత ఎవరో తెలిసింది. పేరు కె. రవీంద్రనాథన్ నాయర్. ఊరు కొల్లం. వ్యాపారం జీడిపప్పు ఎగుమతి.

ఆ లైను దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్ పేరు నాకు తెలుసు, శారద పేరు తెలుసు. ఆ సినిమాకు 1982లో లండన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో సదర్లాండ్ ట్రోఫీ వచ్చిందని ఎక్కడో చదివాను. కానీ ఆ సినిమా వెనక ఉన్న డబ్బు జీడిపిక్క లోంచి వచ్చిందని ఎవరూ చెప్పలేదు. అది తెలిసిన దగ్గర్నుంచి ఈయన గురించి దొరికినదల్లా చదువుతున్నాను. 2023 జూలై 8న, తొంభై ఏళ్ల వయసులో ఆయన కొల్లంలో చనిపోయారు. నాకు కనబడిన తెలుగు పేపర్లలో ఆ వార్త లేదు. అప్పటినుంచి ఇది రాయాలని ఉంది.

ఇప్పుడు మన ఇళ్లలో అందరూ మలయాళం సినిమాలు చూస్తున్నారు. ఓటీటీలో చూస్తున్నారు, డబ్బింగ్ అయితే థియేటర్లలో చూస్తున్నారు. "వాళ్ల దగ్గర రైటర్లు ఉన్నారు", "వాళ్ల దగ్గర డైరెక్టర్లు ఉన్నారు", "మనకు అలాంటి కథలు రావు" అనే మాటలు ఆఫీసులో వారానికోసారైనా వింటాను. ఈ మాట సగమే నిజమని నా వాదన. మనకు లేనివాడు దర్శకుడు కాదు. మొదటి సినిమాకు డబ్బు తిరిగి రాకపోయినా మర్నాడు అదే దర్శకుణ్ణి పిలిచి "తర్వాతది ఎప్పుడు?" అని అడిగే నిర్మాత మనకు లేడు. రవీంద్రనాథన్ నాయర్ జీవితం మొత్తం ఆ ప్రశ్నే.

ఆయన 1933 జూలై 3న కొల్లంలో పుట్టారు. మనకు పలాస ఎలాగో కేరళకు కొల్లం అలాగ. నిజానికి అంతకంటే చాలా పెద్దది. అక్కడి ఫ్యాక్టరీల ఆకలికి కేరళలో పండే పిక్కలు ఏనాడూ సరిపోలేదు, ఆఫ్రికా నుంచి ఓడల్లో తెప్పించేవారు. ఆ వ్యాపారంలో రవీంద్రనాథన్ నాయర్ పెద్ద పేరు. విజయలక్ష్మి క్యాష్యూ కంపెనీ ఆయనది. ఊళ్లో ఆయన్ని రవి ముదలాళి అనేవారు, ముదలాళి అంటే షావుకారు, యజమాని. సినిమావాళ్లు జనరల్ పిక్చర్స్ రవి అనేవారు, అది ఆయన నిర్మాణ సంస్థ పేరు. కానీ జనంలో నిలిచిపోయిన పేరు అచ్చాణి రవి.

మొదట ఆయన తీసినవి అందరూ తీసే బాపతు సినిమాలే, కాకపోతే మంచి రచయితల కథలు ఎంచుకున్నారు. 1967లో పి. భాస్కరన్ దర్శకత్వంలో 'అన్వేషిచ్చు కండెత్తియిల్ల'. దానికి మలయాళంలో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ తర్వాత 'లక్షప్రభు', 'కాట్టుకురంగు'. 1973లో ఎ. విన్సెంట్ దర్శకత్వంలో 'అచ్చాణి'. ఈ విన్సెంట్ మనకు కొత్తవాడు కాదు, 'ప్రేమ్‌నగర్'కి కెమెరా పట్టింది ఆయనే. ప్రేమ్ నజీర్ నటించిన అచ్చాణి బాగా ఆడింది, లాభాలు వచ్చాయి.

అచ్చాణి అంటే బండి చక్రం ఇరుసు మీంచి జారిపోకుండా కొనకు బిగించే చీల. తెలుగులో కడచీల. వేలెడంత ఉంటుంది. బండిని చూసేవాడికి చక్రం కనబడుతుంది, ఎద్దులు కనబడతాయి, తోలేవాడు కనబడతాడు. చీల కనబడదు. ఊడిపోయిన రోజున మాత్రం తెలుస్తుంది. ఆయనకు జనం ఈ పేరు పెట్టింది సినిమా ఆడిందని, అంతే. అయినా ఒక నిర్మాతకు ఇంతకంటే తగిన పేరు దొరకదు.

ఆ సినిమా మీద వచ్చిన లాభాన్ని ఆయన ఇంకో సినిమాలో పెట్టలేదు. కొల్లం పబ్లిక్ లైబ్రరీ కట్టడానికి పెట్టారు. ఈనాటికీ ఆ ఊళ్లో పుస్తకం కావాలంటే వెళ్లే చోటు అది. కట్టించి వదిలెయ్యలేదు, దశాబ్దాల పాటు దాని బాధ్యత చూశారు. ఒక్క సినిమా హిట్ అయితే మన దగ్గర నిర్మాత ఏం చేస్తాడో అందరికీ తెలుసు. అదే హీరోతో, అంతకు రెట్టింపు బడ్జెట్‌తో ఇంకోటి మొదలుపెడతాడు. అందులో తప్పేం లేదు, అది వ్యాపారం. రవీంద్రనాథన్ నాయర్ దారి మాత్రం ఇక్కడే మారింది. హిట్ కొట్టిన తర్వాత, నాలుగేళ్లు ఆగి, మార్కెట్ ఎరగని ఒక కార్టూనిస్టు చేతిలో డబ్బు పెట్టారు.

ఆ కార్టూనిస్టు జి. అరవిందన్. రబ్బర్ బోర్డులో ఉద్యోగి, మాతృభూమి వారపత్రికలో ఏళ్ల తరబడి కార్టూన్లు గీసినవాడు. అప్పటికి ఒక్క సినిమా తీశాడు. ఆయన రామాయణం తీస్తానన్నాడు. అదీ ఎలాంటి రామాయణం? సీత కనబడని రామాయణం.

కాంచనసీత గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఇంటి సంగతి కూడా. సి.ఎన్. శ్రీకంఠన్ నాయర్ నాటకం దానికి ఆధారం. కథ మనకు తెలిసిందే, 'లవకుశ' చూడని తెలుగువాడు ఎవరుంటారు? అశ్వమేధానికి పక్కన భార్య ఉండాలి, సీత అడవిలో ఉంది, అందుకని రాముడు బంగారు సీతను చేయించి పెట్టుకుంటాడు. అరవిందన్ సినిమాలో సీత మనిషి రూపంలో ఎక్కడా రాదు. గాలికి ఆకులు కదిలితే సీత. ఏట్లో నీళ్లు పొర్లితే సీత. వాన పడితే సీత. రాముడు చివరికి నీటిలోకి నడిచి వెళ్లిపోతాడు, అంటే ఆమెలోకే వెళ్లిపోతాడు. సినిమాలో మాటలు కూడా చాలా తక్కువ.

ఇక రాముడిగా, లక్ష్మణుడిగా వేసింది ఎవరనుకున్నారు? మన చెంచులు. రామ చెంచులు. తాము రాముడి వంశమని చెప్పుకునే గిరిజనులు. సినిమా తీసింది కూడా అప్పటి మన రాష్ట్రంలోని గిరిజన ప్రాంతాల్లోనే. కిరీటం లేదు, నగలు లేవు, నీలం రంగు పూత లేదు. సన్నగా, నల్లగా, పొడుగు జుట్టుతో మామూలు అడవి మనుషులు. దేవుణ్ణి ఇలా చూపిస్తారా అని తప్పుబట్టినవాళ్లు ఉన్నారు.

అది 1977. అదే ఏడాది మనకు 'అడవి రాముడు' వచ్చింది. ఆ రాముడూ అడవిలోనే ఉన్నాడు, ఆ సినిమాకి కెమెరా పట్టింది కూడా అచ్చాణి తీసిన విన్సెంటే. నాకు అడవి రాముడు ఇష్టం, మా ఊరి టెంటులో మళ్లీ మళ్లీ చూశాను. రెండింటినీ పోటీ పెట్టను. కానీ ఒక్క ప్రశ్న వదలదు. మన అడవిలో, మన చెంచులతో, మనం నోటికి చెప్పగల ఉత్తర రామాయణాన్ని ఒక కొల్లం షావుకారు తన సొంత డబ్బుతో తీయించాడు. మనలో ఎంతమందిమి చూశాం?

ఒక్కసారి ఆ షావుకారు వైపు నుంచి ఆలోచించండి. దర్శకుడు వచ్చి చెబుతాడు: హీరోలు లేరు, సీత లేదు, పాటలు లేవు, రాముడికి నటన రాదు. వ్యాపారం తెలిసిన ఏ మనిషైనా లేచి దండం పెట్టి పంపించేస్తాడు. ఆఫ్రికా నుంచి వచ్చే ఓడలో పిక్క ధర ఎంతుంటుందో, అమెరికాలో పప్పు ధర ఎంతుంటుందో లెక్క వేసి బతికే మనిషికి ఈ సినిమా మీద డబ్బు రాదని తెలియదా? తెలుసు. తెలిసే ఇచ్చారు. పనిలో వేలు పెట్టలేదు. ఆయన ఏనాడూ జోక్యం చేసుకోలేదన్న మాట ఆయనతో పని చేసినవాళ్లు జీవితాంతం చెబుతూనే వచ్చారు.

కాంచనసీతకు అరవిందన్‌కి ఉత్తమ దర్శకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. అవార్డు రావడం పెద్ద విషయమే, కాదనను. కానీ నాకు అసలు విషయం ఆ తర్వాతి ఏళ్లలో ఉంది. 1978లో తంప్. 1979లో కుమ్మాట్టి. తర్వాత ఎస్తప్పాన్. 1981లో పోక్కువెయిల్. మొత్తం అయిదు సినిమాలు, దాదాపు ఏడాదికొకటి, ఒకే దర్శకుడితో, ఒకే నిర్మాత. ఒకదానికొకటి పోలిక లేదు. తంప్ అంటే సర్కస్ గుడారం. భారతప్పుళ నది ఒడ్డున ఉన్న తిరునావాయ అనే ఊళ్లో నిజమైన సర్కస్ కంపెనీని దించి, ఆట చూస్తున్న ఊరివాళ్ల ముఖాల్ని తీశారు. నెడుముడి వేణు, జలజ మొదటిసారి తెర మీదికి వచ్చింది దాంతోనే. ఎస్తప్పాన్ సముద్రపు ఒడ్డున బెస్తవాళ్ల మధ్య తిరిగే ఒక వింత మనిషి కథ. పోక్కువెయిల్‌లో సంగీతాన్ని బట్టి దృశ్యాల్ని అల్లారు, అందులో ప్రధాన పాత్ర వేసింది బాలచంద్రన్ చుళ్ళిక్కాడ్ అనే కవి.

కుమ్మాట్టి నాకు అన్నిటికంటే ఇష్టం. ఊళ్లోకి ఒక ముసలి మాంత్రికుడు వస్తాడు, పిల్లల్ని జంతువులుగా మార్చి ఆడిస్తాడు, మళ్లీ మనుషులుగా మార్చేస్తాడు. కుక్కగా మారిన ఒక పిల్లాడు మాత్రం ఆ సమయానికి అక్కడ ఉండడు. ఏడాదంతా కుక్కగానే ఉండిపోతాడు. కుమ్మాట్టి మళ్లీ వచ్చాక మనిషవుతాడు. అయ్యాక ఆ పిల్లాడు చేసే మొదటి పని, ఇంట్లో పంజరంలో ఉన్న చిలకను వదిలెయ్యడం. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు చూపించాను. చిలక ఎగిరినప్పుడు వాడు ఊపిరి బిగబట్టి చూశాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

ఒక దర్శకుడు ఏడాదికొక సినిమా తీస్తే ఏమవుతుందో ఈ అయిదు చూస్తే తెలుస్తుంది. చెయ్యి తిరుగుతుంది. భయం పోతుంది. మొదటి సినిమాలో కుదరనిది మూడోదానిలో కుదురుతుంది. కెమెరామన్ షాజీ ఎన్. కరుణ్ ఈ సినిమాలతోనే పేరు తెచ్చుకుని, తర్వాత తనే దర్శకుడయ్యాడు. ఆ కాలాన్ని, ఆ వరుసను అరవిందన్‌కి ఇచ్చింది నిర్మాతే. దర్శకుడు సినిమా తీస్తే, నిర్మాత దర్శకుణ్ణి తయారు చేస్తాడని నేను నమ్ముతున్నాను.

అడూర్‌తో కూడా ఇంతే. అడూర్ మొదటి సినిమా 'స్వయంవరం' ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పుతో తీసింది. మూడో సినిమా ఎలిప్పత్తాయం మొదలుకుని నాలుగు సినిమాలు రవీంద్రనాథన్ నాయర్ తీశారు. ఎలిప్పత్తాయం, ముఖాముఖం, అనంతరం, విధేయన్. మధ్యలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ తన నవల 'మంజు'ని తనే సినిమాగా తీస్తానంటే దానికీ డబ్బు పెట్టారు. 1967 నుంచి 1993 వరకు మొత్తం పద్నాలుగు సినిమాలు. వాటిలో నాలుగింటికి ఉత్తమ దర్శకుడి జాతీయ అవార్డు వచ్చింది: అరవిందన్‌కి రెండు, అడూర్‌కి రెండు. చివరిదైన విధేయన్‌లో క్రూరుడైన భాస్కర పట్టేలర్ పాత్రకు మమ్ముట్టికి ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, అదే ఏడాది చేసిన ఇంకో సినిమాతో కలిపి.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

కాంచనసీత వచ్చిన 1977లోనే మృణాల్ సేన్ తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. నిర్మాత ఎ. పరంధామరెడ్డి. అంటే అప్పటికే మనవాళ్లలోనూ అలాంటి మనిషి ఉన్నాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లకే బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ కలిసి గౌతమ్ ఘోష్‌తో 'మా భూమి' తీయించారు. నర్సింగరావు తనే దర్శకుడై 1988లో తీసిన 'దాసి'కి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. మనకు ప్రతిభ లేదన్నవాళ్లకు ఈ ఒక్క సినిమా చూపిస్తే చాలు. మరి నర్సింగరావుకి వరసగా ఏడాదికొకటి తీసే అవకాశం ఎందుకు రాలేదు? ఆయన ప్రతి సినిమాకీ మొదటినుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది. డబ్బు కోసం ఒక దర్శకుడు తిరిగే ప్రతి ఏడూ తెలుగు పోగొట్టుకున్న ఒక సినిమా అని నాకు అనిపిస్తుంది.

"మరి ఏడిద నాగేశ్వరరావు?" అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. పూర్ణోదయా పేరు మీద 'శంకరాభరణం', 'సాగర సంగమం', 'స్వాతిముత్యం' తీసిన ఆ మనిషి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. పట్టుమని పది సినిమాలు తీసి తెలుగువాళ్ల ఇళ్లలో నిలిచిపోయారు. కె. విశ్వనాథ్‌ని మళ్లీ మళ్లీ పిలిచారు. నేను చెప్పే గుణం ఆయనలో ఉంది. తేడా ఎక్కడంటే, ఆయన సినిమాలు ఆడాలి, ఆడకపోతే తర్వాతిది లేదు. రవీంద్రనాథన్ నాయర్‌కి జీడిపప్పు ఉంది. సినిమా ఆయనకు అన్నం పెట్టక్కర్లేదు. ఈ ఒక్క సౌకర్యం వల్లే ఆయన సీత లేని రామాయణం తీయించగలిగారు. అలాంటి సౌకర్యం ఉన్న షావుకార్లు మన దగ్గర లేరా? పొగాకులో ఉన్నారు, రొయ్యల్లో ఉన్నారు, గ్రానైట్‌లో ఉన్నారు, సిమెంటులో, మందుల కంపెనీల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది సినిమాలు తీశారు కూడా. స్టార్ డేట్ల కోసం కోట్లు పెట్టి పోగొట్టుకున్నారు. పోయే డబ్బే అయినప్పుడు, దాంతో ఇంకో రకంగా కూడా పోగొట్టుకోవచ్చని ఎవరూ అనుకోలేదు.

కేరళలో చూసేవాళ్లు ఉన్నారు కాబట్టి కుదిరింది అంటారు. అది నిజం. 1965లోనే అడూర్, ఆయన మిత్రులు చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు, ఊరూరా గ్రంథాలయాలు ఉన్నాయి, అలా చూసే కన్ను తయారైంది. కానీ చూడండి, అచ్చాణి లాభం ఎక్కడికి వెళ్లిందో. లైబ్రరీకే కదా. ప్రేక్షకుల్ని తయారు చెయ్యడం కూడా నిర్మాత పనే అని ఆయన ముందే అనుకున్నారో లేదో గానీ, చేసింది మాత్రం అదే.

ఇంతవరకు రాసి, మూడు వారాలు దీన్ని పక్కన పెట్టేశాను. మా అమ్మ చేతులు గుర్తొచ్చి ముందుకు సాగలేదు.

ఆ డబ్బు ఎక్కడిది? కొల్లంలో పిక్క కొట్టింది, పొట్టు తీసింది, గ్రేడింగ్ చేసింది దాదాపుగా ఆడవాళ్లే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కింద కూర్చుని, బూడిద చేతులతో. వాళ్ల కూలి తూకం మీద. కొల్లం జీడి పరిశ్రమ చరిత్ర అంటే కూలి కోసం, పని దినాల కోసం జరిగిన గొడవల చరిత్ర కూడా. ఫ్యాక్టరీలు మూతపడి ఆడవాళ్లు రోడ్డున పడుతున్నారనే కేరళ ప్రభుత్వం 1969లో జీడి అభివృద్ధి కార్పొరేషన్ పెట్టింది. కనీస కూలి ఎగ్గొట్టడానికి పని పక్క రాష్ట్రానికి తరలించిన యజమానులు అక్కడ చాలామంది. ఆ పరిశ్రమ లోంచి వచ్చిన డబ్బు ఈ పద్నాలుగు సినిమాల్లో ఉంది. కళను చూసి ఆ చేతుల్ని మర్చిపోతే అది నాకు నేనే చేసుకునే మోసం.

ముఖాముఖం సంగతి ఇక్కడ చెప్పాలి. 1984లో వచ్చిన ఆ సినిమాలో ఒక పెంకుల ఫ్యాక్టరీ ఉంటుంది, సమ్మె ఉంటుంది, శ్రీధరన్ అనే కార్మిక నాయకుడు ఉంటాడు. ఫ్యాక్టరీ యజమాని హత్యకు గురవుతాడు, అనుమానం శ్రీధరన్ మీద పడుతుంది, అతను మాయమైపోతాడు. పదేళ్ల తర్వాత తిరిగొస్తాడు, తాగుడుకు బానిసై, ఎప్పుడూ నిద్రపోతూ. కమ్యూనిస్టుల్ని కించపరిచారని కేరళలో పెద్ద గొడవ అయింది. ఒక ఫ్యాక్టరీ యజమాని డబ్బుతో ఫ్యాక్టరీ యజమాని చచ్చిపోయే సినిమా తీశారు. ఆయన కథ మార్చమనలేదు. ఆ గుణాన్ని నేను గౌరవిస్తాను. అయినా, ఆ సినిమాలో కూడా ఫ్యాక్టరీ పెంకులదే. జీడిది కాదు. పద్నాలుగు సినిమాల్లో గిరిజనులు ఉన్నారు, బెస్తవాళ్లు ఉన్నారు, సర్కస్ వాళ్లు ఉన్నారు, కూలబడిపోయిన జమీందార్లు ఉన్నారు. పిక్క కొట్టే ఆడమనిషి కథ ఏ ఒక్కటీ లేదు. ఇది నాకు బాధగా ఉంటుంది. ఆ బాధ ఉన్నా నా వాదన మార్చుకోను. పిక్క మీద వచ్చిన లాభం ఎలాగూ షావుకారు దగ్గరికే వెళ్తుంది, ప్రపంచంలో అన్నిచోట్లా అలాగే వెళ్తోంది. దానితో ఆయన బంగ్లాలు కట్టుకుని ఊరుకోవచ్చు. కుమ్మాట్టి తీయించారు. లైబ్రరీ కట్టించారు. మా పలాసలో ఆ స్థాయి లైబ్రరీ ఏ జీడి డబ్బుతోనూ రాలేదు.

ఈ సినిమాలు పోవాల్సినవి, కొద్దిలో బతికాయి. కుమ్మాట్టి అసలు నెగటివ్ మిగల్లేదు. పాత ప్రింట్లు పట్టుకుని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, మార్టిన్ స్కోర్సెసీ పెట్టిన ఫిల్మ్ ఫౌండేషన్, ఇటలీలో బొలోన్యాలోని సినెటెకా అనే ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి 2021లో దాన్ని బాగుచేశాయి. తంప్‌ని కూడా అలాగే బాగుచేసి 2022లో కాన్ ఫెస్టివల్‌లో వేశారు. ఆ పనిలో కొంత మద్రాసులో, ప్రసాద్ సంస్థలో జరిగింది, ఖర్చులోనూ ఆ సంస్థ పాలుపంచుకుంది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ పెట్టిన సంస్థ అది. ఆ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. కాంచనసీత అడవి మనది, ఎలిప్పత్తాయం రాజమ్మ మనది, తంప్‌ని మళ్లీ బతికించిన చేతుల్లో కొన్ని మనవి. అన్ని చోట్లా ఉన్నాం. నిర్మాత కుర్చీలోనే లేము.

2008కి గాను కేరళ ప్రభుత్వం ఆయనకు జె.సి. డేనియల్ అవార్డు ఇచ్చింది. డేనియల్ మలయాళంలో మొదటి సినిమా తీసినవాడు, ఉన్న ఆస్తి అమ్మి తీసి, అన్నీ పోగొట్టుకుని అనామకంగా చనిపోయినవాడు. దర్శకుల ఫొటోలతో నిండిపోయే ఆ జాబితాలో ఒక నిర్మాత పేరు చూసి, ఎవరో కడచీలను గుర్తుపట్టారే అనిపించింది.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు ఎలిప్పత్తాయం మళ్లీ పెట్టాను. ఇప్పుడు మా ఇంట్లోనే పెద్ద టీవీ ఉంది. అమ్మ పని మానేసి పదేళ్లు దాటింది, వేళ్ల నలుపు చాలావరకు పోయింది, గోళ్ల పక్కన కొంచెం మిగిలింది. పేర్లు పడుతుంటే ఒక్కచోట ఆపాను.

"ఇతనే అమ్మా, ఈ సినిమాకి డబ్బెట్టినాయన. మనలాగే జీడిపిక్కల వ్యాపారం. కొల్లం అని, కేరళలో."

అమ్మ కళ్లజోడు సర్దుకుని, చదవలేని ఆ అక్షరాల వైపు కాసేపు చూసింది.

"పిక్క కొట్టినోళ్లకి కూలి సరిగ్గా ఇచ్చేవోడేటి?"

నేను ఏమీ అనలేదు. అమ్మ కాసేపు చూసి, కాళ్లు మంచం మీదికి ముడుచుకుంది.

"సరే, ఎట్టు. శారద వచ్చిందాకా కూకుంటాను."